ఒడ్డున మడ చెట్లు, మా మడిలో మురుగు

పోయిన వారం లంచ్ టైములో మా టీములో ఒకతను ఫోన్లో ఏదో వార్త చూపించాడు. అమెరికాలో ఒక సముద్రతీర నగరం వరదల నుంచి కాపాడుకోవడానికి గోడలు, గేట్లు కడుతోందట. దానివల్ల తీరం కొంత పాడవుతుంది కాబట్టి, ఆ పాపానికి పరిహారంగా ఇంకొక చోట తీరాన్ని బాగు చేసి మడ అడవుల్ని పెంచుతోందట. "చూశావా, ఎంత పద్ధతిగా ఉన్నారో! మనవాళ్ళు కూడా ఇప్పుడు మూసీకి ఇట్లాంటిదే చేస్తున్నారు కదా, రివర్‌ఫ్రంట్ అని" అన్నాడు.

మొదటి ముక్కకి నేను కూడా తలూపాను. రెండో ముక్క దగ్గరే నాకు కాలింది. చేతిలో చపాతీ ముక్క అట్లాగే ఉండిపోయింది.

ఎందుకంటే మాది వలిగొండ మండలంలో మూసీ ఒడ్డు పల్లె. పాత లెక్కలో నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి. నేనుండేదేమో హైదరాబాదులో, ఐటీ కారిడార్ వైపు ఒక అపార్ట్‌మెంట్ ఎనిమిదో అంతస్తులో. అంటే లెక్క ఏంటంటే, నేను ఇక్కడ బాత్రూంలో బటన్ నొక్కితే ఆ నీళ్ళు ఏదో ఒక నాలా పట్టుకుని, మూసీలో పడి, చివరికి మా నాయిన వరిమడిలో తేలతాయి. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు, నది అటే పారుతుంది మరి. కాబట్టి ఈ విషయంలో నేను నేరస్తుణ్ణి, బాధితుణ్ణి, రెండూ. మీలో చాలామంది కనీసం మొదటిదైనా అయ్యుంటారు :)

సరే, విషయానికొద్దాం.

నల్లగొండోడికి మడ అడవులతో ఏం పని అంటారేమో. సముద్రం చూడాలంటే మాకు ఒక రాత్రి బస్సు ప్రయాణం. మా దగ్గర ఉండేది రాళ్ళగుట్టలు, తుమ్మలు, సర్కారు కంప, బోరు వేస్తే ఫ్లోరైడు. కానీ ఇక్కడ అసలు విషయం చెట్టు కాదు. ఆ చెట్టు వెనకాల ఉన్న సూత్రం. ఒక నగరం తనని తాను కాపాడుకోవడానికి ప్రకృతిని చెడగొడితే, ఆ చెడగొట్టిన చోటుకి బాకీ పడుతుంది. ఆ బాకీ ఎవరికి తీర్చాలి? ఎక్కడ తీర్చాలి? ఎట్లా తీర్చాలి? మూసీ విషయంలో ఈ మూడు ప్రశ్నలూ ఎవరూ అడగట్లేదు.

అమెరికాలో ఈ పద్ధతికి ఒక నియమం ఉంది. అక్కడి క్లీన్ వాటర్ యాక్ట్ కింద చిత్తడి నేలల్ని పూడ్చాలంటే అనుమతి తీసుకోవాలి. అందులో మూడు మెట్లుంటాయి. మొదట నష్టం జరగకుండా తప్పించాలి. తప్పించలేనిదాన్ని తగ్గించాలి. తగ్గించాక కూడా మిగిలినదానికే బదులు చెల్లించాలి. 2008లో దీనికి వివరంగా నిబంధనలు రాసుకున్నారు. బదులు చేసే పని వీలైనంతవరకు అదే నదీ పరీవాహకంలో ఉండాలి, పోయిన నేల ఏ పని చేసేదో ఆ పని చేసేలా ఉండాలి, కనీసం 5 ఏళ్ళు దాన్ని గమనిస్తూ లెక్క చూపాలి. నేనేమీ అమెరికా భజన చేయట్లేదు. ఈ బదులు పద్ధతి అనుకున్నట్టు పనిచేయట్లేదని 2001లో వాళ్ళ నేషనల్ రీసెర్చ్ కౌన్సిలే తేల్చింది. 2008 నిబంధనలు వచ్చింది ఆ అనుభవంతోనే. ఫెయిలయ్యామని ఒప్పుకుని స్పెక్ మార్చుకున్నారు, అంతే.

మన దగ్గర? 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అడవి పోతే బదులుగా వేరే చోట అడవి పెంచాలని రూలుంది. 2013లో కాగ్ దీని మీద ఒక రిపోర్టు ఇచ్చింది. 2006 నుంచి 2012 దాకా దేశం మొత్తం మీద బదులుగా రావాల్సిన అటవీయేతర భూమి 1,03,381 హెక్టార్లు. వచ్చింది 28,086. అందులో మొక్కలు నాటింది 7,280 హెక్టార్లలో. అంటే రావాల్సినదాంట్లో 7 శాతం. మన ప్రాజెక్టులో ఎవడైనా 7 శాతం టెస్ట్ కేసులు పాసయ్యాయని రిలీజ్ చేస్తే ఏం చేస్తాం?

అదీ అడవికి. నదికి అయితే ఆ రూలు కూడా లేదు. నది ఒడ్డున గోడ కడితే కింద ఊళ్ళకి ఏమవుతుందో, దానికి బదులేంటో అడిగే దిక్కు లేదు.

ఇప్పుడు మూసీ కథ. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరదలో హైదరాబాదులో సుమారు 15,000 మంది చనిపోయారని చెప్తారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన సలహా మీదే మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. అద్భుతమైన ఇంజనీరింగ్, అందులో నాకు డౌట్ లేదు. ఊరుని కాపాడింది, దశాబ్దాల పాటు మంచినీళ్ళిచ్చింది. కానీ ఒక్క విషయం గమనించండి. పైనుంచి వచ్చే మంచి నీళ్ళు అక్కడ ఆగిపోయాయి. నగరం వాటిని తాగి, వాడిన నీళ్ళని కిందికి వదిలింది. ఊరు చిన్నగా ఉన్నప్పుడు నది దాన్ని కడిగేసుకుంది. కోటి దాటాక ఎట్లా కడుక్కుంటుంది?

మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళ చిన్నప్పుడు మూసీ ఇసుకలో చెలిమ తీసి, ఊరిన నీళ్ళు బిందెలకి పట్టుకునేవాళ్ళట. ఈ మాట మా ఆఫీసులో చెప్తే నవ్వారు. నవ్వక ఏం చేస్తారు, వాళ్ళు చూసిన మూసీ చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ముక్కు మూసుకుని దాటే మూసీయే కదా.

2021 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం నగరంలో రోజుకి పుట్టే మురుగు సుమారు 1,950 మిలియన్ లీటర్లు. అప్పటికున్న శుద్ధి కేంద్రాల సామర్థ్యం 772 మిలియన్ లీటర్లు. అంటే సగం కూడా లేదు. ఆ ఏడాదే 3,866 కోట్లతో 31 కొత్త కేంద్రాలు మంజూరు చేశారు, కొన్ని పూర్తయి నడుస్తున్నాయి కూడా. మంచిదే. కానీ అన్ని దశాబ్దాలు ఆ మిగతా సగం ఎటు పోయింది? పిల్లాయిపల్లి కాలువలోకి, బునాదిగాని కాలువలోకి, ధర్మారెడ్డి కాలువలోకి, ఒక్కో కత్వ దగ్గర తెల్లటి నురగై, అక్కణ్ణుంచి మా పొలాల్లోకి.

ఇంకా ముచ్చటైనది పటాన్‌చెరు పైపులైను. అక్కడి ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలోకి పోయి మెదక్ పల్లెల్ని నాశనం చేస్తున్నాయని కోర్టుల దాకా పోయారు. న్యాయమైన పోరాటం. దానికి దొరికిన పరిష్కారమేంటో తెలుసా? 18 కిలోమీటర్ల పైపు వేసి, ఆ నీళ్ళని అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపడం. అంబర్‌పేట నుంచి ఎటు? మూసీలోకి. అంటే మెదక్ టికెట్టుని నల్లగొండ క్యూలోకి అసైన్ చేసి, మెదక్ వైపు 'రిసాల్వ్‌డ్' కొట్టారన్నమాట! ఇది మన ఫీల్డులో రోజూ చూసేదే. కాకపోతే మన దగ్గర వేరే టీమువాడు ఆ టికెట్టుని రిజెక్ట్ కొట్టగలడు. మా నాయిన కొట్టలేడు.

ఇక వరద. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. నగరం మునిగింది. ఆ తర్వాత నాలాల అభివృద్ధి కోసం దాదాపు 985 కోట్లతో ఒక కార్యక్రమం పెట్టారు. నాలాలు వెడల్పు చేయడం, పక్కల కాంక్రీటు గోడలు కట్టడం. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళొచ్చాయి. టీవీలన్నీ రాత్రంతా బస్టాండ్ చూపించాయి. ఆ నీళ్ళు బస్టాండు దాటాక ఎటు పోయాయో ఏ టీవీ చూపించలేదు. జంట జలాశయాల గేట్లు గట్టిగా ఎత్తితే జూలూరు–రుద్రవెల్లి లోలెవెల్ వంతెన మీదికి నీళ్ళు రావడం, సంగెం దగ్గర భీమలింగం కత్వ పొంగి చౌటుప్పల్–భువనగిరి దారి బందవడం మాకు మామూలే. వరదతో పాటు నగరం ప్లాస్టిక్ అంతా వచ్చి కంచెలకి వేలాడుతుంది.

ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా చెప్తాను, మీకు తేలిగ్గా అర్థమవుతుంది. నది పక్కన వెడల్పాటి ఒడ్డు, గడ్డి, చెరువులు, పడావు నేల ఉన్నాయనుకోండి. వరద వచ్చినప్పుడు నీళ్ళు అటూ ఇటూ పరుచుకుంటాయి. కాసేపు నిలబడి, నెమ్మదిగా వదులుతాయి. అంటే అదొక బఫర్. మీరు రెండు వైపులా గోడ కట్టి, ఒడ్డుని కట్ చేసి, నీళ్ళని సర్రున కిందికి పంపారనుకోండి, బఫర్ తీసేసినట్టే. మీ సర్వర్ మీద లోడ్ తగ్గుతుంది, నిజమే. కింద సర్వర్ మీద అదే లోడ్ ఒకేసారి, ఇంకా ఎత్తుగా, ఇంకా త్వరగా వచ్చి పడుతుంది. కాంక్రీటు వరదని మాయం చేయదు, పక్క ఊరికి ఫార్వర్డ్ చేస్తుంది. నగరం 'నా మెషీన్‌లో బానే పనిచేస్తోంది' అంటుంది. డౌన్‌స్ట్రీమ్ అనే మాట మనం రోజుకి పదిసార్లు వాడతాం కదా, దాని అసలు అర్థం ఇది.

ఇప్పుడు రివర్‌ఫ్రంట్. మూసీ అభివృద్ధి సంస్థని 2017లోనే పెట్టారు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని పెద్దది చేసింది. నార్సింగి నుంచి గౌరెల్లి దాకా 55 కిలోమీటర్లు. ఆ అక్టోబర్‌లో మంత్రులు, విలేకరులు సియోల్ వెళ్ళి చొంగ్యేచొన్ చూసొచ్చారు. బాగుంటుంది, ఫోటోలు నేనూ చూశాను. 2005లో తెరిచిన ఆ వాగు 6 కిలోమీటర్లు కూడా ఉండదు, అందులో పారేది ఎక్కువగా హాన్ నది నుంచి పంపులతో తెచ్చిన నీళ్ళు. దగ్గర్లో అహ్మదాబాద్ ఉంది. సబర్మతి ఒడ్డున నడిచి సెల్ఫీ దిగినవాళ్ళు మనలో చాలామందే. అక్కడ ఊరి మధ్యలో నిలబెట్టింది నర్మద కాలువ నీళ్ళని. వాస్నా బ్యారేజీ దాటాక కింద ఏముందో ఎవరూ సెల్ఫీ దిగరు. 2021లో గుజరాత్ హైకోర్టు తనంతట తానే ఆ కాలుష్యం మీద కేసు తీసుకుందంటే అర్థం చేసుకోండి.

2024 నవంబర్ 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మా వైపే, సంగెం దగ్గర మూసీ వెంట పాదయాత్ర చేశారు. మా బాధ గురించే మాట్లాడారు. సంతోషం. మరి ప్రాజెక్టు గీత గౌరెల్లి దగ్గర ఎందుకు ఆగింది? నడక సంగెంలో, నిర్మాణం నార్సింగిలోనా? మూసీ గౌరెల్లి దగ్గర అయిపోదు. భువనగిరి, సూర్యాపేట, నల్లగొండ జిల్లాలు దాటి, సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు నింపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా నదే.

"బదులుగా మొక్కలు నాటుతున్నారు కదా" అంటాడు మా కొలీగ్. అక్కడికే వస్తున్నా. మడ అడవుల నుంచి మనం నిజంగా నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పాడైపోయిన మడ అడవుల్ని స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, అక్కడి జాలర్లు కలిసి బాగు చేశారు. ఎట్లా? మొక్కలు తెచ్చి గుచ్చేసి ఫోటో దిగడం కాదు. ముందు చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. ఆటుపోటు నీళ్ళు లోపలికి వచ్చి పోయే దారి ఏర్పాటు చేశారు. ఉప్పు తేలిన నేల తేరుకుంది. ఆ తర్వాతే మొక్క. ముందు నీటిదారి, తర్వాతే చెట్టు. ఈ వరస తెలియనివాడు ఎన్ని లక్షల మొక్కలు నాటినా అది హార్టికల్చర్ అవుతుంది గానీ బాకీ తీర్చడం కాదు.

ఇంకో వాదన ఉంది. "హైదరాబాద్ ఆదాయంతోనే కదా రాష్ట్రం నడిచేది, నువ్వూ అక్కడే కదా జీతం తీసుకునేది" అని. అవును. తీసుకుంటున్నా కాబట్టే అడుగుతున్నా. ఆదాయం ఇస్తున్నామని చెప్పి పక్కింట్లో చెత్త పోసే హక్కు ఎవరికీ రాదు. పైగా ఆ చెత్త మనకే తిరిగొస్తుంది. మురుగు నీళ్ళతో మూసీ వెంట పెంచే పారా గడ్డి తిన్న బర్రెల పాలు అమ్ముడయ్యేది నగరంలోనే. ఆకుకూరలు కూడా అంతే. మన ఫ్లాట్లో ఆర్వో ఫిల్టర్ బిగించుకున్నాం గానీ పాలకూరకి బిగించలేం.

ఇంకొకటి నిజాయితీగా చెప్పాలి. మా నాయిన మూసీ నీళ్ళు వద్దనడు. ఆ నీళ్ళున్నాయి కాబట్టే రెండు పంటలు. పది కిలోమీటర్లు అవతల మెట్ట ఊళ్ళల్లో బోర్లెండి, జనం బొంబాయి బాట పట్టినప్పుడు మా ఊరు నిలబడింది ఈ మురుగుతోనే. కానీ మడిలో దిగితే కాళ్ళు దురద పెడతాయి. వడ్లు కొనేవాడు 'మూసీ వడ్లా?' అని అడిగి రేటు తగ్గిస్తాడు. నేనోసారి కొత్త ప్లాంట్ల గురించి చెప్తే ఆయన చెప్పులు విడుస్తూ అన్నమాట ఇది: "మంచిగ చేసినంక ఆ నీళ్ళు మాకిస్తరా, మీరే ఉంచుకుంటరా బిడ్డా? మురికైతె మాకు, మంచిదైతె మీకా?"

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే ఎక్కడా రాసి లేదు. శుద్ధి చేసిన నీళ్ళని రేపు ఫ్యాక్టరీలకి, పార్కులకి, ఫౌంటెన్లకి వాడేసుకుంటే మా కత్వల కింద ఆయకట్టు ఏం కావాలి?

బదులు అనే మాట మా దక్షిణ తెలంగాణకి కొత్త కాదు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మహబూబ్‌నగర్ జిల్లాలో ఊళ్ళకి ఊళ్ళే మునిగాయి. గుళ్ళని మాత్రం రాయి రాయికీ నెంబరు వేసి ఊడదీసి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపూర్‌లో మళ్ళీ పేర్చారు. గొప్ప పని. మనుషులకి? ఇంటికొక ఉద్యోగమని 1986లో 98వ నెంబరు జీవో ఇచ్చారు. ఆ జీవో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఉద్యోగం వయసే దాటిపోయినవాళ్ళు కొల్లాపూర్ వైపు ఎంతోమంది. రాళ్ళకి నెంబర్లు వేసిన శ్రద్ధ మనుషుల మీద పెట్టలేకపోయారు. అందుకే 'తర్వాత చూస్తాం' అనే బదులు మీద మావాళ్ళకి నమ్మకం లేదు.

ఊరికే తిట్టి ఊరుకోకుండా, నేను అడిగేవి రాస్తున్నా.

1. మూసీ ప్రాజెక్టు ప్రభావం లెక్క గౌరెల్లి దాకా కాదు, వాడపల్లి దాకా కట్టాలి.

2. ఒడ్డున ఒక్క గోడ కట్టకముందే, ఆ గోడ వల్ల కింద ఒక్కో కత్వ దగ్గర వరద ఎంత ఎత్తు, ఎంత త్వరగా వస్తుందో లెక్కగట్టి తెలుగులో ఊరి పంచాయతీ గోడ మీద అతికించాలి.

3. నగరంలో ఎంత ఒడ్డు పోతుందో అంతకు తగ్గ బఫర్‌ని ఇదే నది మీద, కింద ఊళ్ళల్లో తిరిగి కట్టాలి. కత్వల పూడిక పరీక్షించి తీయాలి, గొలుసుకట్టు చెరువుల కాలువలు తెరవాలి. ఒడ్డున జమ్ము, తుంగ, కానుగ, నేరేడు పెరగనివ్వాలి. మా మడ అడవి అంటే అదే. దానికి భూమి ఇచ్చే రైతుకి ముందే డబ్బులివ్వాలి.

4. శుద్ధి చేసిన నీళ్ళల్లో కింది ఆయకట్టు వాటా ఎంతో జీవోలో రాయాలి.

5. కనీసం 5 ఏళ్ళు నీళ్ళు, మట్టి, పాలు, బోర్లు పరీక్షించి ఆ డేటా అందరికీ తెరిచి పెట్టాలి. డాష్‌బోర్డు కట్టడానికి జనం కావాలంటే మనమంతా ఉన్నాం కదా, ఫ్రీగా చేస్తాం!

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి చెట్ల కోసం మనవాళ్ళు ఎంత గొడవ చేశారు! సుప్రీంకోర్టు కలగజేసుకుని ఆపింది. ఆ చెట్లు మన ఆఫీసు కిటికీలోంచి కనిపిస్తాయి కాబట్టి మనకి నొప్పి తెలిసింది. మూసీ మన కిటికీలోంచి కనిపించకుండా పోతుంది, అంతే తేడా.

మూసీ వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడ మడ అడవులున్నాయి, వాటికి పైనుంచి మంచినీళ్ళు దిగితేనే బతుకు. అంటే మన బటన్ నొక్కుడు చివరికి మడ చెట్టు దాకా పోతుందన్నమాట. దారిలో మా నాయిన మడి ఉంది.

దసరాకి ఊరికెళ్తున్నా. ఆయన మళ్ళీ అదే అడుగుతాడు, "ఆ నీళ్ళు మాకిస్తరా బిడ్డా?" అని. ఈసారన్నా ఏం చెప్పాలో నాకింకా తెలియట్లేదు.